అంకెలకు గొంతిస్తే ఇంపు ఎంతవరకు?

డేటాను ధ్వనిగా మార్చే పద్ధతిని సోనిఫికేషన్ అంటారు. రేడియేషన్ పెరిగేకొద్దీ గైగర్ కౌంటర్ టిక్కులు దగ్గరపడటం దీనికి పాత ఉదాహరణ. గత సంచికలో దీన్ని పరిచయం చేశాక వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: చెవికి ఇంపుగా ఉండాలని చూస్తే అంకె చెడిపోతోంది, అంకెను పట్టుకుంటే వినలేకపోతున్నాం. ఈ నెల ఆ ఉత్తరాలకే జవాబులు.

ప్రశ్న: సనత్‌నగర్ కేంద్రం నుంచి ఒక నెల పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) గంటవారీ అంకెలు దించుకుని, పైథాన్‌తో పియానో స్వరాలుగా మార్చాను. మొత్తం 720 స్వరాలు. నిమిషం దాటి ఎవరూ వినలేకపోతున్నారు. మా స్నేహితుడు వెనకాల కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు), డ్రమ్స్ కలిపి బాగుచేశాడు. ఇప్పుడు హాయిగానే ఉంది కానీ గాలి ఎప్పుడు బాగుందో, ఎప్పుడు పాడైందో తెలియడం లేదు. తప్పు ఎక్కడ జరిగింది?
డిగ్రీ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: రెండింటిలోనూ తప్పు ఒకటే. చెవి తనకు వినిపించిన ప్రతి మార్పునూ కబురుగానే తీసుకుంటుంది. గ్రాఫులో గీత వేరు, వెనకున్న కాగితం రంగు వేరు అని కన్ను ఇట్టే విడదీస్తుంది. చెవికి ఆ వెసులుబాటు తక్కువ. మీ స్నేహితుడు వేసిన డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా వినేవాళ్లకు "ఇక్కడేదో జరిగింది" అనిపిస్తుంది. కార్డు మారిన చోట గాలి మారిందనుకుంటారు, దిగులుగా వినిపించే మైనర్ కార్డు పడితే పొగ కమ్మిందనుకుంటారు. డేటాలో అక్కడ ఏమీ ఉండదు. ఇక మీరు చేసినదాంట్లో పియానో స్వరం తీగలా సాగి తర్వాతి నాలుగైదు స్వరాల మీద పడుతోంది. ఆ ముద్దలో ఏది ఏ గంటదో తేల్చుకోవడం ఎవరి వల్లా కాదు. వినలేకపోవడానికి కారణం అదే.

కాబట్టి ఇంపును చివర్లో వేసే పోపు అనుకోవద్దు. ఏ అంకెకు ఏ స్వరం, ఎంతసేపు, ఏ వాద్యం అన్న లెక్కలోంచే అది రావాలి. మీ డేటాకు పనికొచ్చే లెక్క ఒకటి చెబుతాం.

పీఎం 2.5కి మన దేశంలో 24 గంటల సగటు ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. మిడిలో (స్వరాలను నంబర్లతో చెప్పే కంప్యూటరు పద్ధతి) 60వ నంబరు స్వరం నడిమి సి, అంటే 261.6 హెర్ట్జ్. ఈ రెంటినీ కలిపేయండి. 60 మైక్రోగ్రాములు మధ్యస్థాయి షడ్జం. ప్రతి 5 మైక్రోగ్రాములకు ఒక స్వరస్థానం. అప్పుడు సున్నా మంద్ర షడ్జం అవుతుంది, మిడిలో 48, అంటే 130.8 హెర్ట్జ్. 120 తార షడ్జం, మిడిలో 72. 180 దాని పై షడ్జం, 84. సూత్రం చిన్నదే: అంకెను 5తో భాగించి 48 కలపండి. ఇందులో ఒక చక్కని విషయం దొరుకుతుంది. మన వాయు నాణ్యత సూచీలో పీఎం 2.5 మెట్లు 30, 60, 90, 120 దగ్గర మారతాయి. ఈ లెక్కలో 60, 120 షడ్జాల మీద పడతాయి. 30, 90 ప్రతి మధ్యమం మీద, అంటే రెండు షడ్జాలకు సరిగ్గా నడుమ ఉండే స్వరం మీద పడతాయి. సంగీతం కొంచెం తెలిసినవాళ్లకు ఎవరూ చెప్పకుండానే మెట్టు దాటిన సంగతి తెలుస్తుంది. ఇక్కడ అందమూ కొలతా ఒకే నిర్ణయం.

ఆ షడ్జాన్ని వెనకాల శ్రుతిపెట్టెలా సన్నగా మోగనివ్వండి. గ్రాఫులో ప్రమాణం దగ్గర గీసే అడ్డగీత చేసే పనే ఇది చేస్తుంది. శ్రుతికి పైన ఉన్నామా, కింద ఉన్నామా అన్నది మన చెవులకు చిన్నప్పటి నుంచీ అలవాటైన కొలత. శ్రుతి మారదు కాబట్టి దాన్ని ఎవరూ కబురుగా పొరబడరు. అసలు స్వరాల కన్నా బాగా తక్కువ స్థాయిలో, వెలాసిటీ (స్వరాన్ని కొట్టే బలం) 30 దగ్గర ఉంచండి. ఒక్క జాగ్రత్త: 60 అన్నది రోజు సగటుకు పెట్టిన హద్దు. ఒక గంట దాన్ని దాటినంత మాత్రాన ప్రమాణం తప్పినట్టు కాదు. ఆ సంగతి వినిపించే ముందే చెప్పండి.

వేగం సెకనుకు 8 స్వరాలు పెడితే 720 గంటలు 90 సెకన్లలో అయిపోతాయి. ఒక రోజు సరిగ్గా 3 సెకన్లు. చలికాలపు డేటా అయితే రాత్రి నుంచి తెల్లవారే దాకా ఎక్కి మధ్యాహ్నానికి దిగే అల, మూడేసి సెకన్లకు ఒకటి చొప్పున, లయలా దానంతట అదే వినిపిస్తుంది. మీకు కావలసిన తాళం డేటాలోనే ఉంది, డ్రమ్స్ అక్కర్లేదు. కావాలంటే అర్ధరాత్రి దగ్గర ఒక చిన్న చెక్క టిక్కు పెట్టండి, రోజు మారిందని తెలియడానికి. మిడి ఫైళ్లు రాసే పైథాన్ లైబ్రరీ మిడియుటిల్ వాడుతుంటే టెంపో 120, ఒక్కో స్వరానికీ మధ్య దూరం 0.25 బీటు, నిడివి 0.2 బీటు. నిడివి దూరం కన్నా కాస్త తక్కువ ఉండాలి, లేకపోతే మళ్లీ ముద్ద.

వాద్యం మరింబా లాంటిది మంచిది: కొట్టగానే మోగి చప్పున ఆరిపోతుంది. జనరల్ మిడి పట్టికలో మరింబా 13, కానీ మిడియుటిల్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి మీరు రాయాల్సింది 12. 13 రాస్తే జైలోఫోన్ వస్తుంది, గరుకుగా ఉంటుంది. ఛానల్ నంబరు 9 పెట్టారంటే అది డ్రమ్స్ ఛానల్, ఒక్కో అంకె ఒక్కో తప్పెట అయిపోతుంది. తారస్థాయి దాటిన స్వరాలకు వెలాసిటీ 90 నుంచి 70కి దించండి, మంద్రంలో 100కి పెంచండి. మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య చాలా చురుకు. పై స్వరాలూ వాటితో పాటు సన్నగా మోగే అనుస్వరాలూ (ఓవర్‌టోన్లు) అటువైపు జరిగేకొద్దీ అదే బలంతో కొట్టినా గట్టిగా వినిపిస్తాయి. అంకె పెరిగినప్పుడు పిచ్‌తో (స్వరపు ఎత్తుతో) పాటు గట్టిదనమూ పెరిగితే చిన్న పెరుగుదల పెద్ద ప్రమాదంలా అనిపిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువమంది చేసే పొరపాటు ఖాళీ గంటలది. యంత్రం ఆగిన గంటకు ఫైలులో అంకె ఉండదు. ప్రోగ్రాము ఆ ఖాళీని సున్నాగా చదివితే మంద్ర షడ్జం మోగుతుంది. అంటే కరెంటు పోయిన గంట నెల మొత్తంలో అతి శుభ్రమైన గాలిగా వినిపిస్తుంది. నిశ్శబ్దం వదిలినా చాలదు, అది విరామంలా తోస్తుంది. పిచ్ లేని ఒక ఉఫ్ లాంటి శబ్దం, కాగితం మీద చెయ్యి రాసినట్టు, పెట్టండి.

అయ్యాక పరీక్ష. ఐదుగురికి వినిపించి, ఏమీ చెప్పకుండా, విన్నదాన్ని కాగితం మీద గీతగా గీయమనండి. తర్వాత అవే 720 అంకెలను కలగాపులగం చేసి మరో ముక్క తయారుచేసి వాళ్లకే వినిపించండి. రెండూ ఒకేలా గీస్తే, రెండూ ఒకేలా బాగున్నాయంటే, ఆ సంగీతం మీది, డేటాది కాదు. మీ స్నేహితుడి వెర్షన్ ఈ పరీక్షలో నిలవదనే అనుకుంటున్నాం.

ప్రశ్న: కర్ణాటక సంగీతం చెబుతాను. హైదరాబాద్ వానల లెక్కను అమృతవర్షిణిలో వినిపించాలని ఆలోచన. వానకు అంతకన్నా తగిన రాగం ఏముంటుంది? రోజుకో స్వరం చొప్పున చేస్తే గమకాలు కూడా వెయ్యొచ్చా?
సంగీత ఉపాధ్యాయిని, నల్లకుంట

జవాబు: మీ ఆలోచన మాకు బాగా నచ్చింది, అందుకే దానిలోని చిక్కులు విడమరిచి చెబుతాం.

మొదటిది మెట్ల ఎడం. అమృతవర్షిణి స్వరాలు స గ మ ప ని. షడ్జం నుంచి అంతర గాంధారానికి 4 స్వరస్థానాల దూరం, అక్కడి నుంచి ప్రతి మధ్యమానికి 2, మధ్యమం నుంచి పంచమానికి 1, పంచమం నుంచి కాకలి నిషాదానికి 4, నిషాదం నుంచి పై షడ్జానికి 1. వాన 10 మిల్లీమీటర్లు పెరిగినప్పుడల్లా ఒక స్వరం ఎక్కేలా పెట్టారనుకోండి. ఒకచోట ఆ 10 మిల్లీమీటర్లు పెద్ద గంతులా వినిపిస్తాయి, మరోచోట అవే 10 మిల్లీమీటర్లు అంగుళం జరిగినట్టుంటాయి. మోహనంలో ఈ తేడా తక్కువ: 2, 2, 3, 2, 3. ఔడవ (ఐదు స్వరాల) రాగాల్లో కొలబద్దలా వాడుకోవడానికి మోహనం చాలా నయం. పైగా ఏ ఔడవ రాగమైనా మూడు స్థాయిలకు, పై షడ్జంతో కలిపి, 16 మెట్లే ఇస్తుంది. పన్నెండు స్వరస్థానాలూ వాడితే 37 వస్తాయి. ఇంపు కోసం మీరు వదులుకుంటున్న సూక్ష్మత అంత.

రెండోది ఆరోహణ, అవరోహణ. అమృతవర్షిణికి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అవే స్వరాలు కాబట్టి ఇబ్బంది లేదు. బిలహరి లాంటిది తీసుకుంటే ఎక్కేటప్పుడు ఐదు స్వరాలు, దిగేటప్పుడు ఏడు. అప్పుడు అదే 40 మిల్లీమీటర్ల వాన నిన్నటికన్నా పెరిగి వస్తే ఒక స్వరం, తగ్గి వస్తే వేరే స్వరం అయ్యే పరిస్థితి వస్తుంది. డేటాకు రాగలక్షణం తెలియదు. అది సంచారాలూ పాటించదు.

గమకం మాత్రం వద్దు. గమకంలో స్వరం తన స్థానం నుంచి కదిలి పక్క స్వరాన్ని తాకి వస్తుంది. మీకది రాగానికి ప్రాణం. ఇక్కడ వినేవాళ్లకు వాన పెరిగి తగ్గినట్టు వినిపిస్తుంది. ఆ ఊపుకు మీరు ఒక అర్థం ఇస్తే, ఉదాహరణకు వాన ఎన్ని గంటలు కురిసిందన్నదాన్ని బట్టి కంపితం వేగం మారేలా చేస్తే, అప్పుడు పెట్టుకోవచ్చు. అలంకారంగా వద్దు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు రాగభావం. ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయపురంలో ఆ రాగం పాడితే వాన కురిసిందన్న కథ మన శ్రోతలందరికీ తెలుసు. మొదటి పట్టులోనే వాళ్ల మనసులో మబ్బు పట్టేస్తుంది. మీ డేటా చినుకు లేని ఏడాదిదైనా వాళ్లు వింటున్నది వానే. అంటే రాగం ముందే జవాబు చెప్పేస్తోంది.

దీనికి మేం సూచించే దారి ఇది. జూన్ నుంచి అక్టోబరు దాకా 153 రోజులు. రోజుకు అర సెకను, మొత్తం 76.5 సెకన్లు. వాన పరిమాణాన్ని పిచ్‌తో చెప్పకండి, చినుకులతో చెప్పండి: మిల్లీమీటరుకు ఒక మీటు. వీణ మీటు రికార్డు చేసి, 100 మిల్లీసెకన్లలో ఆరిపోయేలా కత్తిరించుకోండి. 3 మిల్లీమీటర్ల రోజు మూడు చినుకులు. 2020 అక్టోబరు 13, 14 తేదీల మధ్య 24 గంటల్లో బేగంపేటలో 190 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. ఆ రోజు అర సెకనులో 190కి పైగా మీట్లు పడి హోరు అయిపోతుంది. కావలసింది అదే.

పిచ్‌ను వాతావరణ శాఖ తరగతులకు కేటాయించండి. 64.5 మిల్లీమీటర్ల లోపు ఎంత కురిసినా షడ్జమే. 64.5 నుంచి 115.5 దాకా భారీ వర్షం, అంతర గాంధారం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, పంచమం. ఆ పైన నిషాదం. వాన బలపడ్డప్పుడే రాగం తల ఎత్తుతుంది, పొడి ఏడాదిలో షడ్జం దాటి కదలదు. రాగాన్ని మీరు డేటా మీద కప్పడం లేదు, దాన్ని పలికించే పని డేటాకే అప్పగిస్తున్నారు.

చేసేటప్పుడు రెండుచోట్ల దెబ్బతింటారు. చినుకులను అర సెకనులో సమాన దూరంలో పేర్చారనుకోండి, 192 మీట్లంటే సెకనుకు 384. చెవి సెకనుకు 20 దాటిన సమాన దెబ్బలను విడివిడిగా వినడం మానేసి ఒక స్వరంగా కలిపేసుకోవడం మొదలుపెడుతుంది. వాన బదులు 384 హెర్ట్జ్ దగ్గర, షడ్జం నడిమి సి అయితే దాదాపు పంచమంలో, తుమ్మెద ఝంకారం వస్తుంది. మీ తరగతి స్వరంతో అది కలిసిపోయి ఎంతో ఇంపుగా కూడా ఉంటుంది, అందుకే పట్టుకోవడం కష్టం. ప్రతి చినుకును ఆ అర సెకనులో యాదృచ్ఛికంగా ఎక్కడో ఒకచోట వేయించండి. రాండమ్ సీడ్ (యాదృచ్ఛిక అంకెలు మొదలయ్యే సంఖ్య) మాత్రం స్థిరంగా ఉంచండి, లేకపోతే వాయించిన ప్రతిసారీ వేరే వాన వస్తుంది. రెండోది, ఇన్ని మీట్లను మిడితో వాయిస్తే సింథసైజర్ ఒకేసారి పలికించగల గొంతుల హద్దు దాటి కొన్ని చినుకులు చెప్పకుండా రాలిపోతాయి. మీటు రికార్డింగును పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో ఒకదానిమీద ఒకటి కూడి నేరుగా వేవ్ ఫైలుగా రాసుకోండి.

ప్రశ్న: ఐసీయూలో పనిచేస్తాను. రోజంతా ఆ బీప్‌లు వింటే తల దిమ్మెక్కుతోంది. వాటి బదులు చక్కటి ట్యూన్లు పెట్టకూడదా?
నర్సు, సికింద్రాబాద్

జవాబు: పెట్టి చూశారమ్మా. వైద్య పరికరాల అలారాలకు ఐఈసీ 60601-1-8 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని 2006 కూర్పులో గుండె, శ్వాస, ఆక్సిజన్, మందు పంపు లాంటి ఒక్కోదానికి ఒక్కో చిన్న స్వరమాల ఇచ్చారు. అవన్నీ ఒకే పొడవు, ఒకే లయ, ఒకే గొంతు. స్వరాల క్రమం ఒక్కటే తేడా. నర్సులు వాటిని నేర్చుకోవడానికీ, ఒకదాన్నుంచి ఒకటి పోల్చుకోవడానికీ చాలా కష్టపడ్డారని పరీక్షల్లో తేలింది. 2020 సవరణలో దారి మార్చి, విషయానికి పోలిక ఉన్న శబ్దాలు తెచ్చారు: గుండెకు లబ్‌డబ్, శ్వాసకు ఊపిరి తీసి వదిలిన చప్పుడు, మందుకు మాత్రల గలగల. వీటిని గుర్తుపట్టడం చాలా తేలికైంది.

మీ వార్డులోనే చక్కగా కుదిరిన సోనిఫికేషన్ ఒకటుంది, పల్స్ ఆక్సీమీటరు. నాడి కొట్టినప్పుడల్లా ఒక బీప్, ఆక్సిజన్ శాతం తగ్గితే ఆ బీప్ పిచ్ దిగుతుంది. ఒకే శబ్దంలో రెండు కబుర్లు. మత్తు డాక్టరు తెర వైపు చూడకుండానే "దిగుతోంది" అని పసిగట్టేది దీనితోనే. అది సంగీతం కాదు, అయినా దాని పొదుపులో ఒక అందం ఉంది. ఎంత శాతానికి ఎంత పిచ్ దిగాలన్నది కంపెనీ కంపెనీకీ మారుతుంది కాబట్టి కొత్త మానిటరు వచ్చిన రోజు మీ చెవికి మళ్లీ పాఠం తప్పదు. శబ్దస్థాయి, అలారం హద్దులు మార్చాలంటే మీ ఆసుపత్రి బయోమెడికల్ విభాగం ద్వారానే వెళ్లండి.

ప్రశ్న: ఇంట్లో చిన్న భూకంప సెన్సారు పెట్టుకున్నాను, సెకనుకు 100 శాంపిళ్లు తీస్తుంది. ఆ సంకేతాన్నే నేరుగా ధ్వనిగా వినొచ్చని చదివాను. అందులో స్వరాలూ వాద్యాలూ ఎంచుకునేది ఏమీ ఉండదు కదా, ఇక సౌందర్యం ప్రసక్తి ఎందుకు?
రిటైర్డ్ ఇంజినీరు, ఉప్పల్

జవాబు: నేరుగా వినడాన్ని ఆడిఫికేషన్ అంటారు. ఎంచుకునేవి అందులోనూ ఉన్నాయి: వేగం, వడపోత, స్థాయి. ఒక్కో నిర్ణయం మీరు వినేదాన్ని మార్చేస్తుంది.

సెకనుకు 100 శాంపిళ్ల చొప్పున ఒక రోజుకు 86,40,000 శాంపిళ్లు. వాటిని మామూలు ఆడియో రేటు 44,100తో వాయిస్తే 441 రెట్లు వేగం, రోజంతా 196 సెకన్లలో ముగుస్తుంది. అప్పుడు 1 హెర్ట్జ్ భూకంపనం 441 హెర్ట్జ్ స్వరం అవుతుంది. నగరపు రద్దీ, లారీలు, యంత్రాల కదలిక ఎక్కువగా 5 నుంచి 20 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అది 2,205 నుంచి 8,820 హెర్ట్జ్ మధ్యకు, సరిగ్గా చెవి చురుగ్గా ఉండే చోటికి వచ్చి పడుతుంది. ఉప్పల్ లాంటి చోట పగటి వేళ అంతా చిరపుంజి వానలా హోరు. దూరపు భూకంపాల తక్కువ పౌనఃపున్యపు అలలు దాని కింద అణిగిపోతాయి. రాత్రి భాగాన్ని విడిగా తీసుకుని, అసలు సంకేతంలో 3 హెర్ట్జ్ పైనున్నదాన్ని, తక్కువ పౌనఃపున్యాలనే వదిలే లోపాస్‌తో తగ్గించి వినండి. రద్దీనే వినాలంటే తిరగేసి చెయ్యండి, తెల్లవారి నగరం మేలుకోవడం స్పష్టంగా తెలుస్తుంది. ఏది సంకేతం, ఏది రొద అన్నది మీరు అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది.

ముందు డేటా సగటును తీసేయండి. సెన్సారు సున్నాకు కాస్త అటో ఇటో కూర్చుంటుంది. అది తీయకపోతే మొదట్లో, చివర్లో టప్‌మంటుంది. మధ్యలో డేటా తెగిన చోట సున్నాలు నింపినా అదే టప్పు, దాన్ని చిన్న భూకంపం అనుకునే ప్రమాదం ఉంది. తెగిన రెండంచుల్లోనూ, వాయించే వేగంలో, 5 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వండి. తర్వాత అత్యధిక శిఖరం మైనస్ 3 డెసిబెల్స్ దగ్గరకు వచ్చేలా మొత్తాన్ని ఒకే గుణకంతో హెచ్చించండి. 16 బిట్ల ఫైలులో అంకె 32,767 దాటితే తల తెగి గరగరలాడుతుంది.

ధ్వనిని సవరించే ఆడాసిటీ ప్రోగ్రాములో కంప్రెసర్ (హెచ్చుతగ్గులను దగ్గర చేసేది) కనబడగానే వెయ్యాలనిపిస్తుంది, ధ్వని నిండుగా వస్తుంది కాబట్టి. వెయ్యకండి. చిన్న కదలికా పెద్ద కదలికా ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి, మీరు కొలిచింది ఆ తేడానే. రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) ఇంకా ప్రమాదం. భూకంపంలో అసలు తరంగాలు వెళ్లాక, భూమి పొరల్లో చెదిరిన అలలు చాలాసేపు తోకలా వస్తూనే ఉంటాయి, దాన్ని కోడా అంటారు. ఆ తోక ఎంతసేపట్లో ఆరిందన్నది శాస్త్రవేత్తలకు విలువైన కొలత. మీరు కలిపిన రివర్బ్ అచ్చం దానిలాగే వినిపిస్తుంది. గుడి గంట మోగినట్టు ఎంత గంభీరంగా ఉన్నా, అది అబద్ధపు తోక.

ప్రశ్న: చూపు లేని పిల్లలకు తొమ్మిది, పది తరగతుల లెక్కలు చెబుతాను. గ్రాఫులను ధ్వనిలో వినిపిస్తున్నాం. పారాబోలా వినిపిస్తే పిల్లలు "వి" ఆకారం అంటున్నారు. శబ్దం కూడా గుచ్చుకుంటోందని ఫిర్యాదు.
గణిత ఉపాధ్యాయుడు, మలక్‌పేట

జవాబు: పిల్లలు విన్నది సరైనదే. మీ ప్రోగ్రాము విలువను హెర్ట్జ్‌లోకి సమంగా పరుస్తోంది. చెవి పిచ్‌ను నిష్పత్తుల్లో వింటుంది: 220 నుంచి 440, 440 నుంచి 880 రెండూ దానికి సమానమైన మెట్లే. సమంగా పరిస్తే కింది విలువల దగ్గర పిచ్ గబగబా కదిలి, పై విలువల దగ్గర నెమ్మదిస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన అడుగు మొనదేలుతుంది. ఎక్స్ స్క్వేర్‌ను మైనస్ 4 నుంచి 4 దాకా తీసుకుంటే విలువలు 0 నుంచి 16. పౌనఃపున్యం ఇలా కట్టండి: 220ను, 4కి (విలువ భాగించు 16) ఘాతంతో గుణించండి. 0కి 220, 8కి 440, 16కి 880 హెర్ట్జ్ వస్తాయి. అడుగు గుండ్రబడుతుంది.

గుచ్చుకోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. శుద్ధ సైన్ తరంగం ఎక్కువసేపు వింటే విసుగు పుట్టిస్తుంది, చిన్న స్పీకర్లలో సరిగా పలకదు కూడా. రెండో అనుస్వరం సగం బలంతో, మూడోది పావు బలంతో కలిపితే వేణువు వైపు మెత్తబడుతుంది. రెండోది ప్రోగ్రాము తప్పు: పౌనఃపున్యం మారుతుంటే ప్రతి క్షణానికీ సైన్ లోపల పౌనఃపున్యాన్ని కాలంతో గుణిస్తే పిచ్ తప్పుతుంది, చిటపటలు వస్తాయి. ప్రతి శాంపిల్‌కూ ఫేజ్‌కు (సైన్ లోపలి కోణానికి) 2 × π × ఆ క్షణపు పౌనఃపున్యం భాగించు 44,100 కలుపుకుంటూ పోవాలి. మొదట్లో, చివర్లో 10 మిల్లీసెకన్ల ఫేడ్.

వక్రరేఖ మొత్తం 4 సెకన్లలో వినిపించండి, హెడ్‌ఫోన్లో ఎడమ నుంచి కుడికి జరుగుతూ. ఎక్స్ సున్నా దాటేటప్పుడు ఒక టిక్కు. విలువ సున్నా కిందికి పోయే రేఖలైతే ఆ భాగానికి గరుకైన గొంతు ఇవ్వండి. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాట్లాడుతుండగా వాయించవద్దు, మాటా స్వరమూ ఒకదాన్నొకటి మింగుతాయి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడే పిల్లలకు పని సాగేకొద్దీ బీప్ పిచ్ ఎక్కడం ముందే అలవాటు కాబట్టి "పైకి పోతే ఎక్కువ" అన్నది తేలిగ్గా ఎక్కుతుంది. కానీ బరువు, పరిమాణం లాంటి వాటికి చాలామంది బరువైనది మంద్రంగా మోగాలని ఆశిస్తారు. మొదలుపెట్టే ముందు పిల్లలనే అడగండి, వాళ్ల మాటే ఖాయం చెయ్యండి. ఐఫోన్ ఉన్నవాళ్లకు 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి దాని స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్‌లో ఆడియో గ్రాఫులు ఉన్నాయి, ఇంటి దగ్గర సాధనకు పనికొస్తాయి.

ప్రశ్న: కాలనీ ప్రదర్శనలో హుస్సేన్‌సాగర్ నీటిమట్టం డేటాను బయట ఫోన్ స్పీకరుతో వినిపించాలి. ఏం జాగ్రత్తలు?
గృహిణి, దోమల్‌గూడ

జవాబు: మట్టాన్ని సున్నా నుంచి లెక్కపెట్టకండి. నిండు మట్టం 513.41 మీటర్లు. దానికి ఎన్ని సెంటీమీటర్లు తక్కువో, ఎక్కువో ఆ తేడానే పిచ్‌గా మార్చండి, లేకపోతే ఏడాదంతా ఒకే స్వరం మోగుతుంది. ఫోన్ స్పీకర్లు 300 హెర్ట్జ్ కింద బాగా బలహీనం, రోడ్డు రొద కూడా ఆ కిందే ఎక్కువ. కాబట్టి మీ స్వరాలన్నీ 500 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య ఉంచండి. నడుస్తూ పోయేవాళ్లు నిలబడేది కొద్దిసేపే, 15 సెకన్లకు మించకండి. ప్రతిసారీ ముందు తెలుగులో ఒక్క మాట రికార్డు చేసి పెట్టండి: "ఇది నిండు మట్టం", వెంటనే ఆ స్వరం ఒక సెకను. ఆ తర్వాత చెరువును మాట్లాడనివ్వండి.